జోగవ్వ సముద్రం

ఆ ఏడు శివరాత్రి నుంచి ఉగాది దాకా మా ఇంట్లో నేను టెలిఫోను పని చేశాను. మా అత్తమ్మ జోగులమ్మ, మా ఆయన రాఘవేందర్ ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే చాటలో పల్లికాయలు ఒలుస్తూ, నా ద్వారానే మాట్లాడుకునేవాళ్లు.

“సుమనా, నీ మొగనికి చెప్పు. నా పానం ఉండంగ ఆ చెట్ల మీద గొడ్డలి పడనియ్య.”

“సుమనా, మీ అత్తకు చెప్పు. గొడ్డలి కాదు, ఇప్పుడు కోసే మిషన్లొచ్చినయి.”

ఇద్దరికీ చెవులు బాగానే వినపడతాయి. కానీ నేను నోరు మూసుకుంటే ఇద్దరూ నా వైపే చూసేవాళ్లు. “విన్నవు గదా అత్తమ్మా” అంటే, “నాకు ఎవ్వరూ ఏం చెప్పలె, నువ్వు చెప్పు” అనేది. చెప్పేదాన్ని. ఈ లోపల పొయ్యి మీద అన్నం మాడిపోయేది. మాడిన అన్నం గురించి మాత్రం ఇద్దరూ నాతో నేరుగానే మాట్లాడేవాళ్లు.

గొడవంతా సరుగుడు చెట్ల గురించి. సోమశిలకు ఇవతల, కృష్ణ ఒడ్డున మాకు పల్లి చేను ఉంది. చేను చివర, నీళ్ల వైపు, దేనికీ పనికిరాని ఇసుక దిబ్బ ఒకటి. ఐదేళ్ల కిందట మాఘమాసంలో ఊరి ఆడవాళ్లంతా బస్సు మాట్లాడుకుని బాపట్ల వైపు సముద్రస్నానాలకు పోయారు. వాళ్లతో అత్తమ్మ కూడా పోయింది. అందరూ గవ్వలు, శంఖాలు, పిల్లలకు బొమ్మలు తెచ్చుకున్నారు. ఈమె ఎరువు సంచిలో సరుగుడు మొక్కలు తెచ్చింది.

“ఈ పాలమూరు ఎండకు సముద్రం చెట్లు ఏడ బతుకుతయే?” అని పక్కింటి కాంతమ్మ నవ్వింది. బతికాయి. ఏటి నుంచి బిందెలతో నీళ్లు మోసి అత్తమ్మే బతికించింది. ఇప్పుడు మా మిద్దె కంటే ఎత్తు పెరిగాయి. గాలి వీస్తే ఆ సన్నటి ఆకుల్లోంచి ఒక హోరు పుడుతుంది. అత్తమ్మ ఆ హోరు కింద మంచం వేసుకుని, వచ్చినవాళ్లందరికీ చెప్పేది: “గిదే. అచ్చం గిట్లనే ఉంటది. కండ్లు మూస్కో, సముద్రమే.”

“సముద్రం ఏం రంగుంటది జోగవ్వా?” అని ఎవరైనా అడిగితే, “ఏం రంగుంటది, సముద్రం రంగే ఉంటది” అని కసురుకునేది. ఊరు ఆ దిబ్బకు జోగవ్వ సముద్రం అని పేరు పెట్టింది. వెటకారానికి పెట్టిన పేరే. ఇప్పుడు మాత్రం దారి చెప్పడానికి కూడా అదే వాడుతున్నారు, జోగవ్వ సముద్రం దాటినంక ఎడమచెయ్యికి తిరుగు అని.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఎక్కడ ఏ పంట చూసినా దాన్ని తన చేనులోకి తేవాలనుకునే మనిషి, అంతే. అంతకుముందు ఏడు డ్రాగన్ ఫ్రూట్ అన్నాడు. దానికోసం పాతిన సిమెంటు కడీలు ఇప్పటికీ నాకు బట్టలారేయడానికి పనికొస్తున్నాయి. ఈ ఏడు వనపర్తి పోయి ఆయిల్ పామ్ తోట చూసొచ్చాడు. చూసొచ్చిన రోజు నుంచి ఆయన కంటికి సరుగుడు చెట్లు చెట్లుగా కనపడటం మానేశాయి.

పల్లి పీకుడు మొదలైన వారంలోనే చేనులోంచి పరుగెత్తుకొచ్చాడు. “సుమనా, మీ అత్తకు చెప్పు. ఆమె చెట్లకు తుప్పు తెగులు తగిలింది!” మొహం దిగులుగానే పెట్టాడు గానీ కాళ్లు మాత్రం ఒకచోట నిలవడం లేదు.

అందరం వెళ్లి చూశాం. సగం చెట్ల కొసలు ఇటుక రంగుకు తిరిగి ఉన్నాయి. పల్లి పండించే ఇంట్లో ఆ రంగు చూస్తే ఎవరికీ నవ్వు రాదు. తుప్పు తెగులు వచ్చిందంటే ఆకు అడుగున ఇటుక పొడి లాంటి మచ్చలు పడి, చూస్తుండగానే చేను మాడిపోతుంది. దాన్ని కనిపెట్టే పద్ధతి మాకు చిన్నప్పుడే అబ్బుతుంది. ఆకును బొటనవేలితో రుద్దాలి. వేలికి పొడి అంటితే తుప్పు, అంటకపోతే మరేదో మచ్చ.

అత్తమ్మ ఒక కొమ్మ వంచి కొసను బొటనవేలితో రుద్దింది. వేలికి పొడి అంటింది. ఇంకో చెట్టుకు పోయింది. అక్కడా అంటింది.

ఆ వేలిని కొంగుకు తుడుచుకోకుండా అట్లాగే పట్టుకుని ఇంటికొచ్చింది. పెళ్లైన నాటి నుంచి పల్లి చేలో వంగి పనిచేసిన మనిషి. తన వేలిని తను ఎట్లా కాదంటుంది? మా ఆయన మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆయన అన్నదాంట్లో తప్పు లేదని తెలిసి ఇంకా ఎక్కువ వచ్చింది.

సాయంత్రం పక్క చేను నరేందర్ కూడా వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు. తుప్పు తన చేనుకు పాకుతుందేమోనని ఆయన భయం ఆయనది. ఆయన్ను చూశాక అత్తమ్మ గొంతు తగ్గింది.

“సుమనా, నీ మొగనికి చెప్పు. ఉగాది దాక టైమియ్యమను. నేను బాగుచేస్కుంట. బాగైతె ఆ చెట్ల జోలికి మల్ల రావద్దు.”

“కాకపోతె?” అన్నాడు మా ఆయన గోడతో.

“కాకపోతె అన్నీ కొట్టుకోమను. సగం పోయినంక మిగిలినయి చూస్కుంట నేను కూసోలేను.”

మర్నాడు మా ఆయన ఒక డబ్బాలో జాజు ఎర్రమట్టి, ఒక డబ్బాలో సున్నం కలుపుకుని దిబ్బ మీదికి పోయాడు. కొసలు ఎర్రబడ్డ చెట్లకు జాజు పట్టీ, పచ్చగా ఉన్నవాటికి సున్నం పట్టీ. చెట్టు చెట్టుకూ కొమ్మ వంచి, వేలితో రుద్ది, తేల్చుకుని మరీ పూశాడు. ఒక చెట్టు దగ్గర మాత్రం ఎంతకూ తేలలేదు. దాని కొమ్మల్లో కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగా ఉన్నాయి. “దీనికి ఇప్పుడిప్పుడే షురువైతుంది” అని రెండు రంగులూ పూసి వచ్చాడు. రోజంతా తల పైకెత్తినందుకు మెడ పట్టేస్తే నూనె రాసింది నేనే.

ఇక వైద్యం మొదలైంది. మొదట కొల్లాపూర్‌లో భాస్కర్ ఎరువుల దుకాణానికి పోయాం. భాస్కర్ చెట్టు చూడడు, ఆకు చూడడు. “పొడి అంటిందా? అంటింది గదా? అయితె గిది కొట్టు” అని ఒక డబ్బా చేతిలో పెట్టాడు. కొట్టడానికి మా ఆయన రాడు. అత్తమ్మ వీపు మీద పంపు ఆగదు. నేనే ట్రాక్టరు ట్రాలీ మీద నిలబడి, పంపు వీపుకు తగిలించుకుని పైకి కొట్టాను. ఏటి గాలికి ఆ మందంతా తిరిగి నా మీదే పడింది. ఇంటికొచ్చి మూడుసార్లు తలకు పోసుకున్నా వాసన పోలేదు. ఆ ఏడు నన్ను ఒక్క దోమ కుట్టలేదు.

తర్వాత పుల్ల మజ్జిగ. ఊళ్లో అందరి ఇళ్లకూ తిరిగి పులిసిన మజ్జిగంతా పోగుచేసింది అత్తమ్మ. పది రోజులు మా ఊళ్లో ఎవరి గిన్నెలోనూ తోడుకు పెరుగు మిగల్లేదు. చెట్ల మొదళ్లలో పోస్తే చీమలు, ఈగలు వచ్చాయి, కుక్కలు కూడా వచ్చాయి. ఆ తర్వాత సోమశిల గుడి నుంచి విభూతి. అదీ అయ్యాక కాంతమ్మ సలహా మీద దిష్టి తీసి, పాత చెప్పులు, బూడిద గుమ్మడికాయలు కొమ్మలకు కట్టాం. మరుసటి రోజు ఇంకో రెండు చెట్లు ఎర్రబడ్డాయి. మా ఆయన జాజు డబ్బా తీసుకుని బయల్దేరాడు.

అత్తమ్మ పొద్దున లేవగానే దిబ్బకు పోయి వచ్చి తన బొటనవేలు నా మొహం ముందు పెట్టేది.

“జర తగ్గిందా, సుమనా?”

“తగ్గినట్టే కొడుతుంది అత్తమ్మా.”

తగ్గేది కాదు. ఆమెకూ తెలుసు. రాను రాను ఆమె అన్నం తినడం తగ్గించింది. మంచం దిబ్బ మీది నుంచి తెచ్చి ఇంటి వెనక వేసుకుంది. “ఎట్లయినా పోయేటియే గదా, ఇప్పటి సంది అలవాటు చేస్కుంటున్న” అంది. ఆ మాటకు నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. మా ఆయన వంటింటి గడప దాకా వచ్చి, నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

నా పుట్టిల్లు అమ్రాబాద్. మా తమ్ముడు మల్లికార్జున్ అక్కడ జీపు తోలుతాడు. ఆ ఎండాకాలం అడవిలో చెట్ల ఆరోగ్యం ఎట్లా ఉందో చూడటానికి వచ్చినవాళ్లకు జీపు పెట్టాడు. ఫోన్లో నా గోడు విని, “అక్కా, మా సుష్మిత మేడం చెట్ల డాక్టరు. అడివిల చెట్టు చెట్టుకు నాడి చూస్తది. ఐతారం పట్టుకొస్త” అన్నాడు.

ఈ సంగతి మా ఆయనకు చెప్తే ఎగిరి గంతేశాడు. “రానియ్యి. డాక్టరే వచ్చి లాభం లేదని చెప్తె మీ అత్తకు గూడ మనసు నిమ్మళమైతది.” ఉగాది బుధవారం. గురువారం చెట్లు కోసేవాళ్లను రమ్మని అప్పటికే చెప్పి ఉంచాడు.

సుష్మిత వచ్చింది. ఎండకు ముక్కు మీద తోలు లేచిపోయిన అమ్మాయి. మెడలో భూతద్దం, చేతిలో టేపు, చిన్న కొయ్య సుత్తి. కాండం చుట్టూ టేపు వేసి కొలిచింది. సుత్తితో కొట్టి చెవి ఆనించి వింది. అత్తమ్మ కొంగు నిండుగా కప్పుకుని, దవాఖానలో డాక్టరు వెంట నడిచినట్టు, రెండడుగుల వెనక నడిచింది. “బీపీ గూడ చూస్తదా?” అని నా చెవిలో అడిగింది. కాంతమ్మ, నరేందర్, ఇంకా పల్లి పీకే ఆడవాళ్లు పని ఆపుకుని వచ్చి నిలబడ్డారు.

చెట్లన్నీ చూశాక సుష్మిత వెనక్కి తిరిగింది. “ఈ రంగులు ఎవరు పూశారండీ?”

మా ఆయన ముందుకొచ్చాడు. “నేనే, మేడం.”

“ఎట్లా గుర్తుపట్టారు?”

బొటనవేలి పద్ధతి చెప్పాడు. ఆ అమ్మాయి ముచ్చటపడింది. “ఒక్కటి కూడా తప్పు పోలేదండీ. మా కాలేజీలో పిల్లలతో చేయిస్తే పదింటికి రెండు తప్పు పెడతారు.”

మా ఆయన నా వైపు చూసిన చూపు నేను బతికున్నంత కాలం మర్చిపోను. పెళ్లిచూపుల్లో కూడా అంత గర్వంగా కూర్చోలేదు.

“ఎర్ర పట్టీ వేసినవన్నీ మగచెట్లు” అంది సుష్మిత. “సున్నం వేసినవి ఆడచెట్లు.”

గుమ్మడికాయ ఒకటి గాలికి ఊగుతూ ఉంది.

“ఈ జాతిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు అండీ. ఇంచుమించు ఈ వయసుకు పూత మొదలవుతుంది. మగచెట్లు పూతకొచ్చినప్పుడు కొసలు ఇట్లాగే ఎర్రబడతాయి. మీ వేలికి అంటింది పుప్పొడి. తెగులు లేదు, ఏం లేదు. చెట్లన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి.” కొంచెం ఆగి ముక్కు ఎగబీల్చింది. “మొదళ్లలో పులిసిన వాసన ఎందుకు వస్తోందో అర్థం కాలేదు గానీ.”

ముందు కాంతమ్మ నవ్వింది. తర్వాత పల్లి పీకే ఆడవాళ్లంతా నవ్వారు. మల్లికార్జున్ జీపు బానెట్ మీద చరిచి, “బావా, మగపుట్టుక పుట్టినయని అన్నిటికి రంగు పూసి నరుకుదామనుకున్నవా? నువ్వు ఏ జట్టు బావా?” అన్నాడు. నరేందర్ తన చేను వైపు తిరిగి నవ్వాడు. నేను మాత్రం నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించలేదు.

అత్తమ్మ తన వేలు చూసుకుంటూ ఉంది. “అంటె ఇన్ని దినాలు నేను... పెండ్లీడుకొచ్చిన పిలగాండ్లకు మజ్జిగ తాపి, దిష్టి తీసినానా?”

“ఏం నష్టం లేదమ్మా” అంది సుష్మిత.

“మరి ఈ రెండు రంగులది?”

“అది రెండూ అమ్మా. ఒకే చెట్టు మీద మగపూత, ఆడపూత. చాలా అరుదు.”

“అరుదేం కాదు బిడ్డా. అది నా లెక్క” అంది అత్తమ్మ. “సుమన మామ కిష్టయ్య పోయిన కాడి సంది ఈ ఇంట్ల రెండు పనులు నేనే జేస్తున్న.”

మా ఆయన జాజు డబ్బా కాలితో పక్కకు జరిపాడు. “సుమనా, మీ అత్తకు చెప్పు. మాటంటె మాటే. చెట్లుంటయి.” నేను చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక్కడితో అయిపోయిందనుకుని నేను టీ పెట్టడానికి బయల్దేరాను.

సుష్మిత టేపు చుట్టుకుంటూ మామూలుగా అడిగింది. “మొక్కలు ఎక్కడివమ్మా? సముద్రానికి ఎంత దూరంలో ఉన్న చెట్లవి?”

“దగ్గర్నే.”

“అంటే ఆ చెట్ల దగ్గర్నుంచి నీళ్లు కనపడతాయా?”

“కనపడయి. ఇసుక దిబ్బ అడ్డముండె.”

“దిబ్బ ఎక్కితే?”

“ఎక్కితె కనపడ్తదంట.”

నేను ఆగిపోయాను. సుష్మితకు అర్థం కాలేదు. “అంట ఏందమ్మా, మీరు వెళ్లారు కదా?”

అత్తమ్మ చెట్టుకు వేసిన సున్నం పట్టీని గోటితో గీకింది. “అందరు స్నానానికి పోయిండ్రు. సంచులు చూసెటోళ్లు ఎవలన్న ఉండాలె గదా. నేను చెట్ల కింద కూసున్న. పక్కన మొక్కలు పెంచెటోళ్లుంటె వాళ్లతోని ముచ్చట పెట్టిన. వాళ్లే ఇచ్చిండ్రు.”

“ఓ జోగవ్వా” అంది కాంతమ్మ. ఆమె నవ్వు ఎక్కడికో పోయింది. “మేమొచ్చినంక నువ్వు పోయి రమ్మన్నం గదనే?”

“అన్నరు. గప్పుడే డ్రైవరు హారను కొట్టిండు.”

గాలి వీచింది. చెట్లు హోరుమన్నాయి. ఐదేళ్లుగా ఆ హోరు కింద కూర్చుని ఊరందరికీ సముద్రం గురించి చెప్పిన మనిషి సముద్రాన్ని చూడలేదు. నవ్వాలంటే అక్కడ దండిగా జనం ఉన్నారు. ఎవరూ నవ్వలేదు.

“అమ్మా” అన్నాడు మా ఆయన.

నేను ఇటు తిరిగాను, ఏం చేరవేయాలో అని. ఆయన నా వైపు చూడటం లేదు.

“అబద్ధం చెప్పినవా మాకు?”

“అబద్ధమెందుకు రా? చూసిన అని నేనెప్పుడన్న అన్ననా? సప్పుడు విన్న. గదే చెప్పిన” అంది ఆమె, సూటిగా కొడుకుతో.

పల్లి వనపర్తి మార్కెట్‌కు పోయాక, చైత్రం చివర్లో మల్లికార్జున్ జీపులోనే బయల్దేరాం. అత్తమ్మ ముందు రానంది. నా చెట్లను ఎవరు చూస్తారంది. కాంతమ్మ, “నేను చూస్త. ఒక్క కొమ్మ వంగినా నన్నడుగు” అని ప్రమాణం చేసినంత పని చేశాక జీపెక్కింది. దారంతా ఆయిల్ పామ్ మాట ఎత్తకుండా మా ఆయన చాలా కష్టపడ్డాడు. ఒంగోలు దగ్గర జామాయిల్ తోట కనపడితే మాత్రం, “ఇదేందో మంచిగుంది” అన్నాడు. నేను గిల్లాను.

బాపట్ల దాటి దిగేసరికి సరుగుడు తోట అంతూపొంతూ లేకుండా ఉంది. అవతల ఇసుక దిబ్బ, దాని వెనక నుంచి హోరు. మేమంతా దిబ్బ వైపు నడిచాం. వెనక్కి చూస్తే అత్తమ్మ లేదు. తోటలో ఉంది. ఒక కొమ్మ వంచి బొటనవేలితో రుద్దుతూ ఉంది.

“ఇది మగది. ఇది ఆడిది. దీనికి మొదట్ల మట్టి పోయింది. గిదేం బాగలేదు, పురుగు దొలిచింది” అని చెట్టు చెట్టుకూ చెప్పుకుంటూ పోతోంది. తోట మనిషి ఒకడు వచ్చి, ఎవరండీ ఈవిడ అని అడిగాడు.

“చెట్ల డాక్టరు” అన్నాడు మా ఆయన. “పాలమూరు నుంచి పిలిపిచ్చినం.”

అతను నమ్మి, మూలనున్న రెండు ఎండు చెట్లు కూడా తీసుకుపోయి చూపించాడు. అత్తమ్మ వాటికి పుల్ల మజ్జిగ పోయమంది.

చెట్లయిపోయాయి. దిబ్బ మాత్రమే మిగిలింది. ఆమె దిబ్బ కింద ఆగి, అలవాటుగా మా చేతుల్లో సంచులు లెక్క చూసుకుంది. తర్వాత కింద కూర్చోబోయింది. “మీరు పోయి రాపోండ్రి. నేనిక్కడ...”

మా ఆయన ఆమె భుజం మీది సంచి తీసుకున్నాడు. నా చేతిలోది తీసుకున్నాడు. అన్నీ ఒకచోట పెట్టి, తువ్వాల పరిచి, వాటి పక్కన చతికిలబడ్డాడు.

“నువ్వు పో అమ్మా. సంచులు నేను చూస్త.”

“నువ్వు గూడ చూడలె గదరా సముద్రం?”

“నువ్వు చూసొచ్చి చెప్పు.”

ఆమె నా చెయ్యి పట్టుకుని ఎక్కింది. ఇసుకలో కాలు జారుతూ, ఆగుతూ, నన్నూ ఇసుకనూ తిట్టుకుంటూ ఎక్కింది. పైకి చేరాక నా చెయ్యి వదిలేసింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నాకూ ఏం కనపడలేదు కాసేపు.

తర్వాత వెనక్కి తిరిగి, దిబ్బ కింద సంచుల పక్కన కూర్చున్న కొడుకును చూసి గట్టిగా అరిచింది.

“రాఘవా! అచ్చం మన చెట్ల లెక్కనే మోగుతుందిరా!”

“రంగేందమ్మా?” అని ఆయన కింది నుంచి అరిచాడు.

చేరవేయమని ఇద్దరిలో ఎవరూ నన్ను అడగలేదు.